ట్రాక్టరు వద్దు, చల్లటి గది కావాలి: మన తోట సభ్య కుటుంబాలకు బహిరంగ లేఖ

మన తోట సభ్య కుటుంబాలకు,

నమస్కారం.

మూడు నెలల సొమ్ము ముందే కట్టి, వారం వారం మా కూరగాయల సంచి అందుకునే మీ ఇళ్లకు మే నెల రెండో శనివారం వచ్చిన తోటకూర గురించి ముందు మాట్లాడాలి. ఆ కట్ట అంచులు నల్లబడి, చేత్తో పట్టుకుంటే తడి గుడ్డలా వేలాడింది. మీలో ఒకరు దాన్ని ఫొటో తీసి పంపారు. కింద ఒక్క మాట కూడా రాయలేదు. ఆ మౌనం మాకు బాగానే అర్థమైంది.

ఆ రోజు జరిగింది ఇది. తెల్లవారుజామున నాలుగున్నరకు తలలకు లైట్లు కట్టుకుని కోత మొదలుపెట్టాం. ఆరున్నరకల్లా కట్టలు కట్టి, తడి గోనెల మధ్య పేర్చి, వేపచెట్టు కింద పెట్టాం. ఎనిమిదికి రావలసిన బండి తొమ్మిదింబావుకు వచ్చింది. శంకర్‌పల్లి దాటి హైదరాబాద్ నగరంలో అడుగుపెట్టేసరికి పది దాటింది. చివరి సంచి చివరి ఇంటికి చేరింది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు. బయట 42 డిగ్రీలు. కోసిన ఆకు కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆ ఊపిరి రెండింతలో మూడింతలో వేగం పుంజుకుంటుంది. తనలోని నీళ్లూ తీపీ తానే ఖర్చు చేసుకుని వడలిపోతుంది. గోనె ఎంత తడిపినా ఆ ప్రయాణాన్ని కాసేపు నెమ్మదింపజేయగలం, అంతే.

మీకు చేరిన కట్టల సంగతి అది. చేరనివాటి సంగతి మీకు తెలియదు. ఫిబ్రవరి నుంచి మే దాకా 14 వారాలు, సంచుల్లోకి ఎక్కించడానికి మనసొప్పక ఎరువు గుంతలో పారబోసిన ఆకుకూరను తూకం వేసి రాశాం. మొత్తం 412 కిలోలు. వానపాములకు మాత్రం పెళ్లిభోజనం.

అందుకే ఈ ఉత్తరం. డబ్బు అడగడానికి రాస్తున్నాను. తోట లెక్కలు రాసేది నేను కాబట్టి అడగవలసిందీ నేనే. ఎందుకు, ఎంత, ఏ షరతు మీద అన్నది 58 కుటుంబాలకూ ఒకేసారి, ఒకేలా తెలియాలని అందరి ముందూ పెడుతున్నాను. చాటుగా ఒకరిద్దరిని అడిగితే పని త్వరగా అయ్యేదేమో గానీ, అది మనం పెట్టుకున్న పద్ధతి కాదు.

ముందు ట్రాక్టరు మాట తేల్చుకుందాం. ఒక సభ్యురాలి కుమారుడు డాలస్ నుంచి తోటకు ట్రాక్టరు కొనిపెడతానన్నారు. ఆయన మనసుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాం. పొలం అనగానే ట్రాక్టరు గుర్తుకు రావడం సహజమే. దండ వేసి, టైరు కింద నిమ్మకాయ పెట్టి, ఫొటో దిగడానికి దాన్ని మించింది లేదు. కానీ ఐదెకరాల మడుల తోటలో ట్రాక్టరుకు ఏడాదిలో ముప్పై గంటల పని కూడా ఉండదు. వేసవి దుక్కికి, రోటవేటరుకు, పశువుల ఎరువు తోలడానికి ఊళ్లోనే గంటకింత చొప్పున కిరాయికి వస్తుంది. మిగతా ఏడాదంతా అది షెడ్డులో నిలబడి బ్యాటరీ దించుకుంటుంది. షెడ్డు కూడా మనకు లేదు. పైగా ఇంకో చిక్కు. విదేశాల్లో ఉన్నా భారత పౌరసత్వం ఉంచుకున్నవారు తమ సొంత డబ్బు ఇస్తే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చే విరాళం మాత్రం 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. ఆ అనుమతులు మన దగ్గర లేవు, తెచ్చుకునే ఓపికా లేదు.

పవర్ వీడరు, అంటే ఇంజనుతో కలుపు తీసే యంత్రం, కావాలని గత ఏడాది అడిగింది మేమే. ఇప్పుడు వద్దంటున్నదీ మేమే. ఎందుకో చెబితే నవ్వుతారు. పక్క రైతు దగ్గర వారం రోజులు అద్దెకు తెచ్చి వంగమడుల్లో తిప్పాం. మొదటి రోజు సాయంత్రానికి మట్టి కాఫీపొడిలా గుల్లబారింది, మా ఆనందానికి అంతు లేదు. అయితే ఆ మడుల్లో తుంగ ఉంది. తుంగకు మట్టిలో గొలుసుకట్టుగా చిన్న చిన్న గడ్డలుంటాయి. గొలుసు ఉన్నంతసేపు చివరి గడ్డలు చాలావరకు నిద్రపోతాయి. తిరిగే బ్లేడు తగిలి గొలుసు తెగితే ఒక్కో గడ్డ ఒక్కో మొక్క అవుతుంది. ఇరవై రోజుల తర్వాత వంగ మొక్కలు ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చింది. అద్దె కట్టి మరీ తుంగ నాటుకున్నాం. ఇప్పుడు మాకు కావలసినవి నాలుగు సైకిల్ గుంటకలు. ముందు ఒక చక్రం, వెనుక ఒక పలుగు, రెండు పిడులు. పెట్రోలు అక్కర్లేదు, మొక్కకు బెత్తెడు దూరంలో పోనిచ్చినా వేరుకు దెబ్బ తగలదు. నాలుగూ కలిపి 12,000 రూపాయలు. తుంగను మాత్రం చేత్తోనే, గడ్డతో సహా తవ్వి తీయాలి. దానికి యంత్రం చూపిస్తామన్నవారిని మేము ఇక నమ్మదలచుకోలేదు.

ఇక అసలు విషయం, చల్లటి గది.

ఖర్చు లేని దారి ప్రయత్నించకుండా మీ ముందు చెయ్యి చాచలేదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో 1980లలో రూపొందించిన ఇటుకల శీతల గది గురించి చదివి మూడేళ్ల క్రితం ఒకటి కట్టుకున్నాం. రెండు వరసల ఇటుక గోడలు, మధ్యలో మూడంగుళాల సందు నిండా ఇసుక, పైన తడిపిన గడ్డి చాప. పొద్దునా సాయంత్రమూ ఇసుకకు నీళ్లు పెడితే చాలు, కుండలో నీళ్లు చల్లబడిన తీరులోనే లోపల చల్లబడుతుంది. ఏప్రిల్‌లో బయట 41 ఉంటే లోపల 27 చూశాం. ఇటుకలూ ఇసుకా చేసిన పనికి ముచ్చటపడ్డాం. జూలై రాగానే ముచ్చట తీరిపోయింది. గాలిలోనే తేమ నిండినప్పుడు తడి ఆరదు, తడి ఆరనిదే చల్లదనం రాదు. బయట 30, లోపల 28. అదీగాక అందులో పట్టేది వంద కిలోలు. శుక్ర, శనివారాల్లో మనం కోసేది మూడున్నర క్వింటాళ్లు.

కాబట్టి ఇప్పుడు అనుకుంటున్నది ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న ప్యానెళ్ల గది. పఫ్ ప్యానెళ్లంటే రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలకలు. దానికి మామూలు ఒకటిన్నర టన్నుల ఏసీ బిగిస్తాం. ఇంట్లో ఏసీ 16 డిగ్రీల దగ్గర ఆగిపోవడం మీరు చూసే ఉంటారు. దాన్ని ఇంకా కిందికి దించడానికి ఒక చిన్న పరికరం ఉంది. ఏసీకి గది వేడి చెప్పే సెన్సరును అది కాస్త వెచ్చబెడుతుంది. గది ఇంకా వేడిగానే ఉందనుకుని ఏసీ పని చేస్తూ పోతుంది. ఏసీ లోపలి రేకుల మీద మంచు పేరుకోబోతున్నట్టు తెలియగానే ఆ పరికరమే కాసేపు ఆపిస్తుంది. ఏసీని మోసం చేసే ఈ ఉపాయం అమెరికాలో మనలాంటి వాటాల తోట నడిపిన రైతుకే తట్టింది. పెద్ద కోల్డ్ స్టోరేజీ యంత్రాల ధర చూసి బెదిరిన తర్వాతే తట్టి ఉంటుందని నా అనుమానం.

గదిని 10 డిగ్రీల దగ్గర ఉంచుతాం. పాలకూర, కొత్తిమీరలకు అంతకంటే చాలా చల్లగా ఉన్నా హాయే. కానీ అదే గదిలో బెండ, వంకాయ, దోసకాయ కూడా ఉండాలి. వాటికి మరీ చల్లనైతే పైన గుంటలు పడి, లోపల గింజ నల్లబడుతుంది. అందుకని మధ్యేమార్గం. టమాటాలు గదిలోకి రావు, బయటే ఉంటాయి. మీరు కూడా దయచేసి ఫ్రిజ్‌లోంచి తీసి గంపలో పెట్టుకోండి. ఫ్రిజ్‌లో టమాటాకు ప్రాణం ఉంటుంది, రుచి పోతుంది.

ఈ గది వస్తే కోత శుక్రవారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా, మిగిలింది శనివారం తెల్లవారాక. ఇది మీ తోటకూర కోసం మాత్రమే అడుగుతున్నది కాదు. చీకట్లో కొడవలి పట్టుకునే ఐదుగురు స్త్రీలున్నారు. మార్చిలో ఒక రోజు బచ్చలి మడి అంచున ఒకామె చెయ్యి పెట్టబోయిన చోట తలలైటు వెలుగులో ఏదో నల్లగా మెరిసింది. కట్లపాము. అది రాత్రి తిరిగే జాతి. ఆమె అరవలేదు, వెనక్కి రెండడుగులు వేసి, "అది పోయేదాకా టీ తాగుదాం పదండి" అంది. ఆ టీ తాగుతూ ఉన్న పావుగంటలోనే ఈ గది కట్టాలని నాకు గట్టిగా అనిపించింది. వడలిన ఆకుకూర మొత్తం లెక్క కూడుకున్నది ఆ తర్వాతే.

ప్రభుత్వం ఇస్తుంది కదా అని కొందరు అడిగారు. ఇస్తుంది, భూమి ఉన్నవారికి. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు రైతులకు పరికరాల మీద సగం దాకా రాయితీ ఉంది. 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద ఇలాంటి గదులకు తీసుకునే రుణం మీద రెండు కోట్ల వరకు ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ తగ్గింపు ఉంది. రెండు కోట్లలో మనకు కావలసింది మూడున్నర లక్షల లోపే కదా అని ధైర్యం చేసి ఒక బ్యాంకుకు వెళ్లాను. మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, కాగితాలన్నీ ఓపికగా చదివి, చివరికి అడిగింది ఒకటే: "భూమి ఎవరి పేరున ఉంది?" తోట నడిపే మా నలుగురిలో ఎవరి పేరునా లేదు. మనది కౌలు భూమి. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే వచ్చింది. కార్డు ఇస్తే హక్కు పుడుతుందేమోనని భూమి యజమానులు జంకారు, పాసుపుస్తకం లేనిదే బ్యాంకులు జంకాయి. 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే చేరింది. మా యజమాని మంచివారే, ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. కానీ ఆయన పాసుపుస్తకం మా అప్పుకు తాకట్టు పెట్టమని అడిగే మొహం మాకు లేదు.

కౌలు కాగితంలో ఇంకా రెండేళ్లే మిగిలింది. గది పలకలు బోల్టులతో బిగించేవే కావాలని పట్టుబట్టింది అందుకే. ఇటుకలతో కడితే చవక, గట్టి, కానీ కౌలు అయిపోయిన రోజున అది యజమానిదవుతుంది. పలకల గదిని ఒక్క రోజులో విప్పి బండికెక్కించుకోవచ్చు. బోరుకున్న ఉచిత వ్యవసాయ కరెంటుతో ఏసీ నడపకూడదు గనుక వేరే కనెక్షన్ తీసుకోవాలి.

ఇంటర్నెట్‌లో విరాళాల పేజీ పెడదామని ఒక యువ సభ్యుడు ముసాయిదా కూడా రాసి పంపారు. భాష బాగుంది. "కన్నీళ్లతో నేల తడుపుతున్న అన్నదాత" అని మొదలైంది. బాబూ, మేము నేలను డ్రిప్పుతో తడుపుతాం. అన్నదాత అన్న మాట వినిపించినప్పుడల్లా నాకు భయమే, ఆ మాట వెనుక దండ వస్తుంది గానీ ధర రాదు. మన తోట 2019లో 19 కుటుంబాలతో మొదలైంది, 2020 లాక్‌డౌన్‌లో నలభై దాటింది. ఈ రోజు దాకా ఎవరి జాలి మీదా నడవలేదు. మీరు మూడు నెలల సొమ్ము ముందే కట్టారు, వడగళ్లు పడిన వారం సగం సంచి వచ్చినా ఊరుకున్నారు. 1970లలో జపాన్‌లో తల్లులు రైతులతో నేరుగా ఒప్పందం చేసుకుని మొదలుపెట్టిన తేకేయి పద్ధతి సారం అదే. మన ఊళ్లలో ఒక్క ఎద్దు ఉన్న ఇద్దరు రైతులు పొత్తు కలిసి అరక కట్టుకోవడంలో ఉన్నదీ అదే. పొత్తులో ఎవరూ ఎవరికీ ఎద్దును దానం చేయరు.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సంచి ధర 450 అని పెట్టినప్పుడు విత్తనం, కూలి, కౌలు, బండి కిరాయి లెక్క వేశాను. పనిముట్ల అరుగుదల వేయలేదు. పంపు కాలినప్పుడు, పైపులు ఎలుకలు కొరికినప్పుడు మా నలుగురి జీతాల్లోంచి సర్దుకున్నాం. ధర తక్కువగా ఉంచి మిమ్మల్ని సంతోషపెట్టాలన్న ఆత్రంలో అసలు ఖర్చును మీకు తెలియకుండా దాచాను. పెద్ద పరికరం కొనవలసి వచ్చేసరికి గల్లాపెట్టె ఖాళీగా ఉండడానికి కారణం అదే.

లెక్క ఇది. పలకల గది, తలుపు, నేల కలిపి 1,75,000. ఏసీ, ఆ పరికరం 70,000. కొత్త కనెక్షన్, వైరింగ్, స్టెబిలైజరు 45,000. వంద క్రేట్లు 30,000. గుంటకలు 12,000. మరమ్మతులకు చేతిలో 8,000. మొత్తం 3,40,000 రూపాయలు. మా నలుగురం 60,000 వేస్తున్నాం. మిగిలిన 2,80,000 మీ నుంచి కూరగాయల అడ్వాన్సుగా కావాలి. గది నడవడం మొదలైన నెల తర్వాత ప్రతి వారం మీ సంచి బిల్లులో కోసుకుంటూ మూడేళ్లలో తీరుస్తాం. ఒక ఇల్లు 6,000 ఇస్తే వారానికి 40 రూపాయల చొప్పున 150 వారాలు. వడ్డీ లేదు. డబ్బుగా తిరిగి ఇస్తామని పోగుచేస్తే, వడ్డీ లేకపోయినా, అది డిపాజిట్ కిందికి రావచ్చు, 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం ప్రకారం మనలాంటి వాళ్లం తీసుకోకూడదు. ఇచ్చినవారికి తిరిగి వచ్చేది కూరగాయలే.

అదే సమయంలో సంచి ధర 450 నుంచి 480 అవుతుంది. ఆ 30 రూపాయలు 58 ఇళ్లకు, 52 వారాలకు 90,480. మూడేళ్లకు 2,71,440. మిగతా 8,560, ఏసీ కరెంటు బిల్లు రెండూ, పాడవకుండా మిగిలిన ఆకుకూరలోంచి రావాలి. మీలో బ్యాంకులో పని చేసి రిటైరైన పెద్దలున్నారు, వారు వెంటనే పట్టేస్తారు: మా దగ్గర తీసుకుని మాకే తిరిగి ఇస్తున్నారా అని. అవును. అడ్వాన్సు ఇవ్వగలిగినవారికి అసలు తిరిగి వస్తుంది, గది ఖర్చు మాత్రం దాన్ని వాడుకునే అందరి మీదా వారానికి ముప్పై చొప్పున పడుతుంది. మూడేళ్ల తర్వాత ఆ ముప్పై తీసేస్తామనుకోకండి. అప్పటికి బోరు మోటారు వంతు వస్తుంది.

ఒక్కో ఇంటి నుంచి 15,000 మించి తీసుకోం. నాలుగేళ్ల క్రితం డ్రిప్ పైపులకు సగం సొమ్ము ఒక్కరే ఇచ్చారు. ఆ తర్వాత ఏడాది మనం రెండు మడుల బ్రోకలీ వేశాం. ఎందుకు వేశామో మాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఎవరూ తినలేదు.

ఎవరెంత ఇస్తారో తేల్చుకునే పద్ధతి కూడా చెబుతాను. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో 1986లో మొదలైన టెంపుల్-విల్టన్ తోటలో రైతులు ఏడాది ఖర్చు మొత్తం సభ్యుల ముందు పెడతారు. ఎవరు ఎంత ఇవ్వగలరో వారే చెబుతారు. మొత్తం చాలకపోతే ఇంకో చుట్టు అడుగుతారు. మనమూ అలాగే చేద్దాం, ఒక్క మార్పుతో: చీటీ మీద అంకె, ఇంటి నంబరు రాసి మడిచి డబ్బాలో వేయండి. చీటీ పాట కాదు, హెచ్చులు పలకడం ఉండదు. పెళ్లిలో చదివింపులు చదివినట్టు పేర్లూ చదవం. సున్నా రాసిన చీటీ కూడా చీటీయే. అలా మూడు చుట్లు అడిగినా 2,80,000 రాకపోతే గది ఈ ఏడాది కట్టం, అందాకా వచ్చిన సొమ్ములో ఒక్క రూపాయి ముట్టుకోం, ఎవరిది వారికి వెళ్లిపోతుంది. గుంటకలు మాత్రం మా డబ్బుతో కొనుక్కుంటాం.

గది ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు: బాకీ తీరేదాకా మీదీ మాదీ. ఈ లోపు తోట మూతపడినా, మేము విడిపోయినా గదినీ ఏసీనీ అమ్మి వచ్చిన సొమ్ము ముందు మీ మిగిలిన అడ్వాన్సులకు, ఆ తర్వాతే మా 60,000కు. అది చాలకపోవచ్చు కూడా. పాత సామానుకు కొత్త ధర రాదు. ఆ నష్టం వస్తే పంచుకోవలసి ఉంటుందని తెలిసే చీటీ వేయండి. వాన దెబ్బకు సంచులు ఆగిన వారాల్లో బిల్లులో కోత కూడా ఆగుతుంది, గడువు అన్ని వారాలు జరుగుతుంది. ఈ షరతులన్నీ ఒక కాగితం మీద రాసి, అందరం సంతకాలు పెట్టి, ఒక్కో నకలు తీసుకుందాం.

వచ్చే నెల మూడో ఆదివారం ఉదయం తొమ్మిదికి వేపచెట్టు కింద కలుద్దాం. రాలేనివారు చీటీని శనివారం సంచి తెచ్చే అబ్బాయికి కవరులో ఇవ్వండి. వచ్చేవారికి జొన్న రొట్టె, పచ్చి పులుసు, గోంగూర పచ్చడి. గోంగూర ఆ పూటే కోస్తాం.

ఇంకొకటి. మన గుడ్డ సంచులు 116 కుట్టించాం, ఇంటికి రెండు చొప్పున. ప్రస్తుతం తోటలో ఉన్నవి 31. ఇళ్లలో ఒక్కొక్కటే ఉండాలి. మిగిలిన 27 ఎవరి ఇంట్లో ఉల్లిపాయలు మోస్తున్నాయో గానీ, ఆదివారం వచ్చేటప్పుడు తీసుకురండి.

మీ తోట లెక్కలు రాసే రైతు